మొదటి ఇంటర్వ్యూకు వెళ్ళే నర్సు అమ్మాయికి

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి కాస్త పొడుగైనది. పూర్తిగా అచ్చు వేయడానికి చోటు చాలదు గనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను.

“బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళూ పూర్తి చేశాను. కౌన్సిలులో రిజిస్ట్రేషను కూడా అయింది. హైదరాబాదులోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రివారు పది రోజుల్లో ఇంటర్వ్యూకు రమ్మన్నారు. నా చదువుకోసం నాన్నగారు బ్యాంకులో అప్పు చేశారు. మా పెదనాన్నగారేమో, ‘ఆడపిల్ల రాత్రిళ్ళు డ్యూటీలు చేయడమేమిటి? వచ్చిన సంబంధం ఖాయం చేసి పంపించెయ్యి’ అంటున్నారు. ‘ఈ ఒక్క ఇంటర్వ్యూ చూద్దాం, రాకపోతే అన్నయ్య చెప్పినట్టే చేద్దాం’ అని నాన్నగారు తేల్చేశారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు ధారాళంగా రాదు. శిక్షణలో ఉండగా నేను చూసుకుంటున్న ఒక ముసలాయన తెల్లవారుజామున పోయారు. ఆ సంగతి అడిగితే నోరు పెగలదేమోనని భయంగా ఉంది. ఏం చదవాలి? ఏం చెప్పాలి? ఏం కట్టుకుని వెళ్ళాలి?”

అమ్మాయీ, నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. కాని అసలు ప్రశ్న నాలుగోది, నువ్వు అడగనిది. దాని సంగతి చివర చెబుతాను. ముందు ఇంటర్వ్యూ సంగతి చూద్దాం.

బల్లకు అవతల కూర్చునేవారు నీకేమి రాదో పట్టుకుందామని కూర్చోరు. నాలుగేళ్ళు చదివి పరీక్షలు ప్యాసయి వచ్చావని వాళ్ళకు తెలుసు. వాళ్ళ మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: “రాత్రి రెండు గంటలకు వార్డు ఈ పిల్ల మీద వదిలి వెళ్ళవచ్చునా?” అడిగే ప్రతి ప్రశ్నా చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది. తెలిసింది జాగ్రత్తగా చేస్తుందా, తెలియనిది తెలియదని ఒప్పుకుని అడుగుతుందా, పొరపాటు జరిగితే దాస్తుందా చెబుతుందా అన్నవే వాళ్ళు చూసేవి. ఇది గుర్తు పెట్టుకుంటే సగం భయం పోతుంది.

కాగితాలు

మొదటి రెండు రోజులూ కాగితాలకు కేటాయించు. పదో తరగతి, ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లు, నర్సింగ్ మార్కుల జాబితాలు, డిగ్రీగాని ప్రొవిజనల్ సర్టిఫికెట్‌గాని, నర్సుగా మంత్రసానిగా నమోదైనట్టు కౌన్సిలు ఇచ్చిన రిజిస్ట్రేషను పత్రం, ఆధార్ కార్డు, నాలుగు ఫొటోలు. అన్నీ ఒక వరుసలో ఫైలులో పెట్టుకో. ఒక్కొక్కదానికి రెండేసి జిరాక్సు కాపీలు తీయించు. అన్ని కాగితాల మీదా నీ పేరు, ఇంటిపేరు ఒకే రకంగా ఉన్నాయో లేదో చూసుకో. పదో తరగతిలో ఒక అక్షరం, రిజిస్ట్రేషనులో మరో అక్షరం ఉంటే ఇప్పుడే తెలియడం మంచిది.

రాష్ట్రం 2014లో రెండుగా విడిపోయాక నర్సింగ్ కౌన్సిళ్ళు కూడా రెండయ్యాయి. ఆంధ్రలో నమోదై తెలంగాణలో ఉద్యోగానికి వెళ్ళేవారు రిజిస్ట్రేషను విషయంలో ఏం చేయాలో ముందుగా కౌన్సిలువారినే అడిగి తెలుసుకోవాలి. ఇంటర్వ్యూలో ఆ మాట వస్తే “కనుక్కున్నానండి, ఇదీ పద్ధతి” అని చెప్పగలిగితే నీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, సరిచూడనివ్వు, తిరిగి తీసుకో. “మా దగ్గర ఉంచి వెళ్ళమ్మా” అని ఎవరైనా అంటే, “కాపీల మీద సంతకం చేసి ఇస్తానండి, ఒరిజినల్స్ నాన్నగారి దగ్గర ఉంచుకోవాలి” అని మర్యాదగా చెప్పు. సర్టిఫికెట్లు ఒకరి బీరువాలో ఉన్నంతకాలం నీ కాళ్ళకు తాడు కట్టినట్టే.

చదవవలసినవి

పది రోజుల్లో నాలుగేళ్ళ పుస్తకాలు తిరగేయాలని చూడకు. తలనొప్పి తప్ప మిగిలేదేమీ ఉండదు. కొత్తగా చేరేవారిని తరచుగా అడిగేవి కొన్ని ఉన్నాయి. వాటిని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

మొదటిది మందు ఇచ్చే పద్ధతి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. ఈ అయిదూ చూసి ఇచ్చాక వెంటనే కేస్ షీటులో రాయడం ఆరోది. రోగిని గుర్తుపట్టడానికి మంచం నంబరు ఒక్కటే చాలదు. పేరు ఆయన చేతనే చెప్పించుకుని, చేతి పట్టీ మీద చూడాలి. “మీరేనా రామారావుగారు?” అంటే మగత నిద్రలో ఉన్న సుబ్బారావుగారు కూడా “ఊఁ” అంటారు!

రెండోది లెక్కలు. వైద్యుడు 250 మిల్లీగ్రాములు ఇమ్మన్నాడు. బుడ్డిలో 5 మిల్లీలీటర్లకు 500 మిల్లీగ్రాములున్నాయి. ఎంత తీస్తావు? రెండున్నర మిల్లీలీటర్లు. ఒక లీటరు సెలైను 8 గంటల్లో ఎక్కాలి. సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు? 1000ని 20తో హెచ్చవేసి, 8 గంటల నిమిషాలు 480తో భాగిస్తే సుమారు 42. రోజుకు పది లెక్కలు కాగితం మీద చెయ్యి. ఇంటర్వ్యూలో నోటితో గబగబా చెప్పాలని చూడకు. “కాగితం మీద వేసి చెబుతానండి” అను. వార్డులో కూడా అలాగే చేయాలి గనుక అడిగినవారు సంతోషిస్తారు.

మూడోది చేతుల శుభ్రత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో అయిదు వేళలు నిర్ణయించింది: రోగిని తాకబోయే ముందు, శుభ్రంగా చేయవలసిన పనికి ముందు, రక్తంవంటి శరీర ద్రవాలు అంటే అవకాశమున్న పని తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి మంచం చుట్టుపక్కల వస్తువులు తాకిన తరువాత. సబ్బు నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతికి రాసుకునే ద్రావకంతో అయితే 20 నుంచి 30 సెకన్లు.

నాలుగోది చెత్త వేరు చేయడం. 2016 నాటి నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో. సెలైను గొట్టాలు, గ్లౌజులు, సూది తీసేసిన సిరంజిలవంటి ప్లాస్టిక్ సామాను ఎర్ర సంచిలో. సూదులు, బ్లేడులు గుచ్చుకోని తెల్లని డబ్బాలో. గాజు సీసాలు నీలం డబ్బాలో. “సూదికి మళ్ళీ మూత పెడతావా?” అని అడుగుతారు. పెట్టనని చెప్పు. “గుచ్చుకుంటే?” అంటారు. పిండకుండా సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే పైవారికి తెలియజేసి, రాతపూర్వకంగా నమోదు చేయించాలి. ఎయిడ్స్ క్రిమి రాకుండా ఇచ్చే మందు అవసరమని వైద్యులు తేలిస్తే 2 గంటల్లోగా మొదలుపెట్టడం ఉత్తమం. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు.

అయిదోది ప్రాణం మీదికి వచ్చిన వేళ. గుండె ఆగిన పెద్దవారికి ఛాతీ మీద 30 నొక్కులు, 2 శ్వాసలు; నిమిషానికి 100 నుంచి 120 వేగం; 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. రక్తం ఎక్కిస్తుండగా చలి, దద్దుర్లు, నడుంనొప్పి వస్తే మొట్టమొదట రక్తం ఆపాలి. తరువాత మామూలు సెలైనుతో నరం తెరిచి ఉంచి, వైద్యుడిని పిలవాలి. సీసా మీది చీటీ, రోగి పట్టీ మళ్ళీ సరిచూడాలి, సంచి పారేయకుండా రక్తనిధికి పంపాలి. పొటాషియం క్లోరైడును నేరుగా నరంలోకి ఒక్కసారిగా ఎన్నడూ ఎక్కించరాదు. దాన్ని పలుచన చేసి, నెమ్మదిగా, కనిపెట్టుకుని ఉండి ఇవ్వాలి. ఈ ఒక్క మాట తెలియకపోతే మిగిలినవి ఎన్ని తెలిసినా మేట్రనుగారి ముఖం మారిపోతుంది.

ఏమడుగుతారు, ఏం చెప్పాలి

“నీ గురించి చెప్పమ్మా” అన్నది మొదటి ప్రశ్న. దీనికి తాతముత్తాతల దగ్గరనుంచి మొదలుపెట్టకూడదు. పేరు, ఊరు, ఎక్కడ చదివావు, ఏయే వార్డులలో పనిచేశావు, ఏ పని నీకు బాగా పట్టుబడింది — రెండు నిమిషాలలో ముగించాలి. “నాకు చిన్నప్పటినుంచి సేవ అంటే ఇష్టం” అన్న మాట ప్రతివారూ అనేదే. దానికి బదులు, నువ్వు స్వయంగా చేసిన ఒక చిన్న పని చెప్పు. రోజూ అన్నం వద్దనే రోగి దగ్గర కూర్చుని, పళ్ళసెట్టు వదులై నొప్పి పెడుతున్నదని కనిపెట్టావనుకో, అది చెప్పు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగును గురించి పుస్తకం రాసినప్పుడు, రోగిని గమనించడం ఎలాగన్న దానికే ఒక అధ్యాయం కేటాయించింది. నువ్వు గమనించే పిల్లవని ఆ చిన్న సంగతే చెబుతుంది.

తరువాత చిక్కు ప్రశ్నలు వస్తాయి. “డాక్టరుగారు రాసిన మోతాదు ఎక్కువగా ఉందనిపించింది. ఏం చేస్తావు?” ఇచ్చేస్తానంటే తప్పు. నేనే తగ్గించి ఇస్తానన్నా తప్పే. “ఇవ్వకుండా ఆపి, పుస్తకంలోగాని ఫార్మసీలోగాని సరిచూసి, డాక్టరుగారిని అడుగుతాను. అప్పటికీ సందేహం తీరకపోతే సిస్టరు ఇన్‌ఛార్జికి చెబుతాను. జరిగింది రాసి ఉంచుతాను” అనాలి.

“నువ్వే ఒకరి మందు మరొకరికి ఇచ్చావనుకో?” అంటారు. అటువంటిది నా వల్ల జరగదండి అని గొప్పకు పోవద్దు. “ముందు రోగిని చూస్తాను. నాడి, బి.పి., శ్వాస చూసి వెంటనే డాక్టరుగారికి, ఇన్‌ఛార్జికి చెబుతాను. దాచను” అని చెప్పు. దాచను అన్న ఆ మాట కోసమే ఆ ప్రశ్న వేస్తారు.

“అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేసి ఏం చెబుతావు?” అని కూడా అడగవచ్చు. దీనికి ఒక వరుస ఉంది: ఇప్పుడున్న పరిస్థితి, వెనుకటి సంగతి, నా అంచనా, మీరు చేయవలసింది. ఇలా: “ఆరో నంబరు మంచం మీది రోగికి బి.పి. 86/54కు పడిందండి, నాడి 124. నాలుగు గంటల క్రితం కడుపు ఆపరేషను అయింది, అప్పుడు బి.పి. 110/70 ఉండేది. కట్టు తడిసింది, రక్తస్రావమేమోనని అనుమానంగా ఉంది. వెంటనే వచ్చి చూడండి.” నిద్రమత్తులో ఉన్నవారికైనా ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఈ పద్ధతి మొదట అమెరికా నౌకాదళపు జలాంతర్గాములలో పుట్టి, తరువాత ఆసుపత్రులకు వచ్చింది. అద్దం ముందు కాదు, చెల్లెలినో తమ్ముడినో డాక్టరుగా కూర్చోబెట్టి పైకి చెప్పి చూడు.

ఇక ఆ ముసలాయన సంగతి. “శిక్షణలో నిన్ను బాగా కదిలించిన అనుభవం చెప్పు” అని వాళ్ళు అడగవచ్చు. అడిగితే తప్పించుకోవద్దు. రోగి పేరు, ఊరు చెప్పకూడదు. అది ఆయన రహస్యం, చనిపోయినా ఆయనదే. ఏం జరిగింది, నువ్వేం చేశావు, అప్పుడు నీకు తోచనిదేమిటి, దానివల్ల ఏం నేర్చుకున్నావు అన్న నాలుగు మాటలు నెమ్మదిగా చెప్పు. గొంతు ఒకసారి వణికితే వణకనీ. ఒక్క క్షణం ఆగి, “క్షమించండి” అని మళ్ళీ అందుకో. మృత్యువును చూసి ఏమీ అనిపించని నర్సును ఎవరూ వెతకరు. కన్నీళ్ళు తుడుచుకుని పక్క మంచం దగ్గరకు వెళ్ళగలిగే నర్సు కోసం వెతుకుతారు. ఆ తెల్లవారుజామున ఆయన ఇంటివారితో నువ్వు ఏం మాట్లాడావో గుర్తు తెచ్చుకో. జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంగ్లీషు

నీ భయాలలో దీనికి ఉండవలసినంతకంటె ఎక్కువ బరువు ఇచ్చావు. మందుల పేర్లు, జబ్బుల పేర్లు, కేస్ షీటు రాత నువ్వు నాలుగేళ్ళూ ఇంగ్లీషులోనే చదివావు. కావలసిన ఇంగ్లీషు నీ దగ్గర ఉంది. లేనిది మాట్లాడే అలవాటు మాత్రమే. రోజుకు అరగంట, పై ప్రశ్నలకు జవాబులు చిన్న చిన్న వాక్యాలలో పైకి చెప్పు. కంఠస్థం చేసి అప్పజెప్పకు. మధ్యలో ఒక మాట మరచిపోతే మొత్తం గొలుసు తెగిపోతుంది. ప్రశ్న అర్థం కాకపోతే మరొకసారి చెప్పమని అడుగు. మాట తోచకపోతే “తెలుగులో చెప్పవచ్చునా అండీ?” అను. ఆ ఆసుపత్రికి నల్లగొండ, కర్నూలు, శ్రీకాకుళాలనుంచి వచ్చే రోగులతో మాట్లాడవలసింది తెలుగులోనే కదా! హైదరాబాదు గనుక నాలుగు ముక్కలు హిందీ, ఉర్దూ కూడా పట్టుకుంటే మరీ మంచిది.

ఆ రోజు

ఇస్త్రీ చేసిన లేతరంగు చీరగాని సల్వారు కమీజుగాని కట్టుకో. కొత్తది వద్దు, అలవాటైనది కట్టు. జడ గట్టిగా వేసుకో లేదా ముడి పెట్టుకో. గోళ్ళు కత్తిరించుకో, రంగు వేయకు. చేతులకు గాజులు, ఉంగరాలు తగ్గించు. నర్సు చేతులనే మొదట చూస్తారు. చప్పుడు చేయని చెప్పులు, సెకన్ల ముల్లున్న గడియారం, ఒక పెన్ను. మల్లెపూలు ఇంటికి వచ్చాక పెట్టుకోవచ్చు.

ఊరినుంచి రాత్రి బస్సెక్కి, తెల్లవారి దిగి, అలాగే ఇంటర్వ్యూకు వెళ్ళకు. వీలైతే ముందురోజే వెళ్ళి చుట్టాలింట దిగి, ఆసుపత్రి ఎక్కడుందో చూసి రా. ఎన్ని మంచాలో, ఏయే విభాగాలున్నాయో తెలుసుకో. ఉదయం ఏదైనా తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో వెళ్తే చేతులు మరింత వణుకుతాయి. అరగంట ముందే చేరుకో. నాన్నగారు కూడా వస్తే బయటి హాలులో కూర్చోమని చెప్పు. లోపలికి నువ్వొక్కతెవే వెళ్ళాలి.

నువ్వు అడగవలసినవి

“మమ్మల్ని ఏమైనా అడుగుతావా?” అని చివర అంటారు. “లేదండి” అని లేచి రావద్దు. కొత్తవారికి శిక్షణ ఎన్ని వారాలు? మొదటి రోజులలో పక్కన సీనియరు ఉంటారా? ఒక్కొక్క నర్సుకు ఎంతమంది రోగులు? నెలకు ఎన్ని రాత్రి డ్యూటీలు? హాస్టలు ఉందా, రాత్రిళ్ళు దింపడానికి బండి ఉందా? ఇవి అడగడం అమర్యాద కాదు. జాగ్రత్తగా పనిచేయదలచుకున్నవారు అడిగే ప్రశ్నలు ఇవి.

జీతం మాట నోటితోకాక, నియామకపత్రంలో చూడు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మీద కేంద్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. 200 మంచాలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులలో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా, 100 దాటినచోట 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 మంచాలున్నచోట 25 శాతానికి మించి తగ్గకుండా, అంతకంటె చిన్నవాటిలో నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా జీతం ఇవ్వాలని ఆ సంఘం సిఫారసు చేసింది. అన్నిచోట్లా ఇది అమలు జరగలేదు. అయినా కొలబద్ద ఒకటి ఉందని తెలిసి మాట్లాడడం వేరు, తెలియక తల ఊపడం వేరు. బాండు రాయమంటే అక్కడికక్కడే సంతకం చేయకు. “ఇంటికి తీసుకువెళ్ళి చదివి చెబుతానండి” అను.

అసలు ప్రశ్న

ఇక నువ్వు అడగని ప్రశ్నకు వస్తాను. “ఈ ఒక్క ఇంటర్వ్యూలో రాకపోతే నా నాలుగేళ్ళ చదువు ఏమవుతుంది?” అన్నదే కదా?

అమ్మాయీ, ఇంటర్వ్యూకు తయారయ్యే ముందు నాన్నగారితో మాట్లాడు. పెదనాన్నగారిని ఎదిరించమని నేను చెప్పను. ఆయన భయం మీద ప్రేమతో పుట్టినదే. కాని ఒక్క ఇంటర్వ్యూతో జీవితం తేల్చడం న్యాయం కాదని మెల్లగా చెప్పాలి. కొత్తవారికి మొదటిసారే ఉద్యోగం రాకపోవడం నేరం కాదు. ఆ రోజు ఖాళీలు రెండు ఉండి, వచ్చినవారు నలభైమంది కావచ్చు. “నాన్నగారూ, ఆరు నెలలు గడువు ఇవ్వండి. నాలుగైదుచోట్ల దరఖాస్తు పెడతాను. హాస్టలు, డ్యూటీలు, బండి అన్నీ మీరే స్వయంగా చూసి మంచిదనుకున్నచోటే చేరతాను. మొదటి జీతంనుంచి బ్యాంకు అప్పుకు ఇంత కడతాను” అని లెక్క వేసి కాగితం మీద చూపించు. పదిమాటలు చేయలేని పని ఒక్క కాగితం చేస్తుంది.

రాత్రి డ్యూటీ మాటకు కూడా జవాబు ఉంది. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతిచోటా స్త్రీల ఫిర్యాదులు వినడానికి అంతర్గత సంఘం ఉండాలని 2013 చట్టం చెబుతున్నది. ఆసుపత్రిలో అది ఉందా, సభ్యులెవరు అని నాన్నగారే అడగవచ్చు. పెదనాన్నగారితో మాత్రం ఒక్క మాట అనవచ్చు: “రేపు మీకో పెద్దమ్మకో ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో పడుకుంటే, రాత్రి రెండు గంటలకు మంచం దగ్గర ఎవరో ఒకరి ఇంటి ఆడపిల్ల మేలుకుని ఉండాలి కదా!” ఇది నవ్వుతూ అనాలి సుమా, దెప్పుతూ కాదు.

సంబంధం మంచిదైతే అదీ ఎక్కడికీ పోదు. ఉద్యోగమున్న పిల్లనే కావాలనుకునే ఇల్లయితే నీకూ మేలే. ఇంటర్వ్యూలో “పెళ్ళి ఎప్పుడు?” అని అడిగినా కంగారుపడకు. “ఇంకా ఏమీ నిశ్చయం కాలేదండి. అయినా పని మానుకునే ఉద్దేశం లేదు” అంటే చాలు. ఆ రెండో మాట ముందుగా ఇంట్లో అని ఉంటే, అక్కడ అనడం తేలికవుతుంది.

మరికొందరికి

ఒక తల్లి, తెనాలి: మీ అమ్మాయి రాత్రి డ్యూటీనుంచి వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటే “పొద్దెక్కినా నిద్రేనా” అని చుట్టాలు అంటున్నారన్నారు. ఆమె నిద్రపోయే గదికి మందపాటి తెర వేయండి, ఫోను తీసి అవతల పెట్టండి, ఎనిమిదింటికి వేడిగా టిఫిను పెట్టి పడుకోబెట్టండి. చుట్టాలకు “రాత్రంతా మేలుకుంది” అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. రెండోసారి అడగరు.

ఒక యువకుడు, ఖమ్మం: మగవాడినని వెనక్కు పంపుతారేమోనని భయపడనక్కరలేదు. ఐ.సి.యు., ఆపరేషను థియేటరు, అత్యవసర విభాగం, డయాలిసిస్‌లలో మగ నర్సులు ఎందరో పనిచేస్తున్నారు. “స్త్రీ రోగికి సేవ చేయవలసివస్తే?” అని తప్పకుండా అడుగుతారు. ఆమె అనుమతి అడిగి, తోడుగా స్త్రీ ఉద్యోగినిని పిలిచి, తెర వేసి చేస్తానని చెప్పండి.

ఒక సోదరి, అనంతపురం: జి.ఎన్.ఎం. చదివినవారు కూడా ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసరు కొలువులకు రాయవచ్చు. 2020నుంచి దానికి ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. జి.ఎన్.ఎం. వారికి కనీసం 50 మంచాల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం అడుగుతారు. అందువల్ల ఇప్పుడు చేరే ఆసుపత్రికి మంచాలెన్నో చూసుకుని చేరండి. చేరిన తేదీ, మానిన తేదీ ఉన్న అనుభవ పత్రం తీసుకోకుండా ఎక్కడా గుమ్మం దిగవద్దు.